ఉమ్మడి గోడలో గూడు

మా ఇంటికీ మా మరిది ఇంటికీ మధ్య గోడ ఒకటే. నా వంటింటికి అది ఉత్తరపు గోడ, వాళ్ళ పడకగదికి దక్షిణపు గోడ. మా మామగారూ ఆయన తమ్ముడూ ఉన్న ఇంటిని రెండుగా పంచుకున్నప్పుడు, ఇటుకా సున్నంతో మూరెడు మందాన కట్టించిన గోడ అది. మా ఊళ్ళో అన్నదమ్ముల మధ్య గోడ కడితే రెండు వైపులా చెరొక దీపం గూడు వదులుతారు. గూడు ఒక్క వైపే ఉంటే ఆ గోడ ఆ ఇంటివాళ్ళది. రెండు వైపులా ఉంటే ఉమ్మడిది. దస్తావేజులో రాసినా రాయకపోయినా ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. దస్తావేజును చెదలు తినొచ్చు, గూటిని తినవు కదా అని పెద్దవాళ్ళు అనుకుని ఉంటారు.

చెదలు తినలేదు, నిజమే. మా గూటిని ఫ్రిజ్ తినేసింది. పన్నెండేళ్ళ కిందట వంటింట్లో ఫ్రిజ్ పెట్టుకుంటూ గోడకు పలకలు అతికించాం. అప్పుడు మా తోటికోడలు, అంటే ఈ మరిది భార్య, గడప దగ్గర నిలబడి, "అక్కా, ఆ గూడు మూయించెయ్యరాదా? తేళ్ళు దూరతాయి," అంది. ఆవిడ మాట విని నేను నా జీవితంలో చేసిన పనులు రెండు. ఒకటి ఆవిడ చెప్పిన చోట జాకెట్టు కుట్టించుకోవడం. రెండోది గూటిలో ఇటుక ముక్కలు నింపి పైన పలకలు వేయించడం. జాకెట్టు ఆ నెలలోనే చిరిగిపోయింది. రెండో దాని ఫలితం తెలియడానికి పన్నెండేళ్ళు పట్టింది.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, సముద్రపు గాలి తగిలే ఊరు. ముప్పై ఏళ్ళు ఆ ఊరి పోస్టాఫీసు నేనే నడిపాను. నన్ను పోస్టమ్మ అంటారు. గౌరవంగా అనేవాళ్ళు కొందరున్నారు. మా మరిది మాత్రం నాకు ఉద్యోగం వచ్చిన రోజే, "వదిన ఇంక మనతో మాట్లాడాలంటే స్టాంపు అతికించాల్సిందే," అని పదిమందిలో నవ్వాడు. ఆయన మా ఆయనకు చిన్నాన్న కొడుకు. అప్పుడు ఆయనకు మీసాలు కూడా సరిగా రాలేదు. ఇప్పుడు నెరిశాయి. ఆ మాట మాత్రం నాకు నెరవలేదు. వాళ్ళ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా చేపల పులుసులో నా వంతుకు తోక ముక్కే వస్తుందని కూడా గుర్తుంది. ఒకసారి పొరపాటున రావచ్చు. ఎనిమిదిసార్లు తోకే వస్తే ఆ చేపకు తోక తప్ప ఇంకేమీ లేదనుకోవాలా?

కిందటేడు దసరా పోయిన వారం, పొద్దున పాలు కాస్తుంటే గోడ అవతల టెంకాయ కొట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత మంత్రాలు, తర్వాత జనం నవ్వులు. వీధిలో ప్రతి ఇంటికీ పిలుపు వెళ్ళిందట. చివరి ఇంటి ముసలమ్మను మంచంతో సహా మోసుకొచ్చారట. మాకు పిలుపు లేదు. మధ్యాహ్నం పనిలోకి వచ్చిన కూలీ మనిషి చేత అరిటాకు ముక్కలో గుగ్గిళ్ళు పంపించారు. అవి చల్లారి ఉన్నాయి.

మూడో రోజు ఫ్రిజ్ పక్కన, నా తలెత్తులో, పలక చిట్లి గునపం మొన బయటికి వచ్చింది. నేను గరిటె అక్కడే పెట్టి అవతలికి వెళ్ళాను. మా మరిది ఇసుక కుప్ప మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏంది నాయనా ఇది? గునపం మా ఇంట్లోకి వచ్చింది."

"మీ ఇంట్లోకి యాడొచ్చింది వదినా, మన ఇంట్లోకే గదా," అన్నాడు, కుర్చీలోంచి లేవకుండానే. "పైన ఒక గది వేస్తా ఉండా. దూలాలకు బొక్కలు పెడతా ఉండారు."

"ఎందుకయ్యా గది? ఇంట్లో ఉండేది మీరిద్దరే."

"గది మాకు కాదు. నైరుతికి. సిద్ధాంతి వచ్చి చూసినాడు. మా నైరుతి తేలిగ్గా ఉందంట. అందుకే రెండు పంటలుగా రొయ్యలకు రోగం తగులుకుంది. నైరుతి మీద గది, గది మీద నీళ్ళ ట్యాంకు పడితే బరువెక్కుద్ది, రొయ్య నిలబడుద్ది."

"నీ రొయ్యలు గుంటలో ఉండాయి. నీ నైరుతి నా వంటింటి మీద ఉంది."

"ఉంటే?"

"నన్ను ఒక మాట అడగాలా వద్దా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలా," అన్నాడు. పక్కన సిమెంటు కలుపుతున్న కూలీలు కూడా నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో ఇద్దరికి పింఛను మనియార్డర్లు ఇంటికి వెళ్ళి ఇచ్చిన దాన్ని నేను.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన బియ్యం మిల్లులో పనిచేసి వచ్చిన మనిషి. జీవితమంతా ఆ యంత్రాల చప్పుడులో గడిపాడు గనక మనుషుల చప్పుడు ఆయన చెవికి ఎక్కదు. "పోనీలేవే. మన రక్తమే గదా," అన్నాడు. రక్తం మనదైతే గోడకు బొక్కలు పెట్టవచ్చని ఏ చట్టంలో ఉందో ఆయన చెప్పలేదు.

దూలాల సంగతి ఒక ఎత్తు, గుంట సంగతి ఇంకో ఎత్తు. ట్యాంకు బరువు మొయ్యడానికి మూల మీద ఒక స్తంభం కావాలని, గోడను ఆనుకుని వాళ్ళ వైపు గుంట తవ్వడం మొదలుపెట్టారు. మా ఊరి నేల ఇసుక. రెండు మూరలు తవ్వితే నీళ్ళు. నీళ్ళు ఊరితే స్తంభం పునాది వెయ్యలేరు గనక మోటారు పెట్టి తోడటం మొదలుపెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోటారు, వీధి కాలవలోకి బురద నీళ్ళు. ఆ నీళ్ళు తెల్లటి ఇసుకతో కలిసి వస్తున్నాయి. ఆ ఇసుక ఎక్కడిదో తెలుసుకోవడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు. సముద్రం ఒడ్డున పిల్లలు కూడా గుంట తవ్వి నీళ్ళు తోడితే చుట్టూ గట్టు జారిపోతుందని చూసే ఉంటారు. ఇక్కడ జారే గట్టు మీద నా గోడ ఉంది.

రెండో రోజు సాయంత్రానికి నా వంటింటి గోడ మీద, కిటికీ మూల నుంచి పైకప్పు దాకా చీలిక వచ్చింది. వెంట్రుకంత సన్నంగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పవుతోంది. నా పైకప్పు అంచు ఆ గోడ మీదే ఆనుకుని ఉంది. అది కార్తీకం దగ్గర పడుతున్న సమయం. మా దగ్గర అసలు వానలు అప్పుడే. వాయుగుండం పట్టిందంటే మూడు నాలుగు రోజులు విడవకుండా కురుస్తుంది. ఆ గోడకు పునాది కింద ఇసుక లేకుండా, పైన చీలికతో వాన మొదలైతే నా వంటిల్లు నిలబడదు. వానల లోపు ఆ గుంట పూడాలి, గోడకు ఆసరా దొరకాలి. నాకు కావలసింది ఆ ఒక్కటే.

పోస్టాఫీసులో స్టాంపుల కాగితాల అంచులు మిగిలిపోయేవి. వెనక బంక ఉండే సన్నటి తెల్ల కాగితాలు. అవి నా దగ్గర ఒక డబ్బాలో ఉన్నాయి. చీలికకు అడ్డంగా మూడు చోట్ల మూడు ముక్కలు తడిపి అతికించి, తేదీ రాశాను. చీలిక కదలకపోతే కాగితం అలాగే ఉంటుంది. కదిలితే చిరుగుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి పై కాగితం చిరిగింది.

మేస్త్రిని పిలిచి చూపించాను. విడవలూరు వైపు నుంచి వచ్చిన మనిషి. కాగితాన్ని కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది కాగితం చిరిగింది గానీ గోడకేం కాలేదమ్మా," అన్నాడు.

"మోటారు ఆపు."

"ఆపితే గుంటలో పని జరగదమ్మా."

"ఆపకపోతే నా గోడ జరుగుతుంది."

"ఏం కాదులే అమ్మా. నేను ఇట్టాంటి ఇళ్ళు ఇరవై కట్టినా."

"ఎన్ని నిలబడి ఉండాయి?"

"అన్నీ ఉండాయమ్మా," అని కాసేపు ఆలోచించాడు. "రెండు కొంచెం ఒక పక్కకు ఒరిగినాయి. అంతే."

ఆ సాయంత్రం మళ్ళీ మా మరిది దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఆయన లేచి నిలబడ్డాడు, అయితే మర్యాద కోసం కాదు. వీధిలో వినిపించేలా మాట్లాడటానికి.

"గోడ గోడ అంటావు వదినా. ఎవరిది ఆ గోడ? మా వైపు గూడుంది. నా చేత్తో మొన్నే పూడ్పించినా, సిద్ధాంతి చెప్తే. మేస్త్రి సాక్షి. నీ వైపు గూడేది? చూపించు."

ఈ మాట ఆయనకు ఎవరు అందించారో అర్థమైంది. ఆ అందించిన మనిషి గడప మీద నిలబడి జడ అల్లుకుంటోంది.

"నువ్వే గదమ్మా మూయించమన్నది? తేళ్ళు దూరతాయని?" అన్నాను ఆవిడతో.

మా తోటికోడలు జడ చివర రబ్బరు బ్యాండు వేసుకుని, అటు తిరిగి, ఇటు తిరిగి, "నేనా అక్కా? ఆడ గూడు ఉండినట్టే నాకు గుర్తు లేదే," అంది.

చాలామంది నాకు చాలా చేశారు. అవన్నీ నేను గుర్తుపెట్టుకున్నాను. అయితే ఇది మిగతా వాటి పక్కన పెట్టేది కాదు.

సుత్తి తీసుకుని పలకలు పగలగొట్టి గూడు చూపిస్తే సరిపోదా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. ఫ్రిజ్ పక్కకు జరిపి సుత్తి కూడా చేతిలోకి తీసుకున్నాను. మా ఆయన ముప్పై ఐదేళ్ళలో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "పగిలిన గోడను సుత్తితో కొడతావా? ఆ పని వాడు చేస్తా ఉండాడు గదా, నువ్వు సాయం పోవాలా?" అన్నాడు. అదీ నిజమే. దానికంటే నిజం ఇంకొకటి ఉంది. నేను కొట్టి చూపిస్తే, కొత్తగా తొలిచిందని అంటాడు.

అందుకని ఉత్తరం రాశాను. ఏం జరుగుతోంది, ఏం ఆపాలి, ఆపకపోతే ఎవరు బాధ్యులు, అన్నీ రాసి, అందినట్టు సంతకం తీసుకునే పద్ధతిలో పోస్టు చేశాను. నేను పోస్టు చేసిన ఉత్తరం మా ఊళ్ళోంచి నెల్లూరు పోయింది. అక్కడ సంచుల్లో వేరు చేసి, మళ్ళీ మా ఊరికి పంపారు. మూడో రోజున మా గోడకు అవతలి వైపు చేరింది. నేను గోడ మీద తట్టి చెబితే ఆయనకు వినపడేది. అయితే వినపడ్డట్టు సంతకం దొరకదు.

సంతకం పెట్టి ఉత్తరం తీసుకున్నాక, చదివి, ఆయనే మా ఇంటికి వచ్చాడు. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి పిలవకుండా ఆయన రావడం అదే మొదటిసారి.

"ఏంది వదినా, అనుమతి లేకుండా కడతా ఉండానని రాసినావే? రా, వచ్చి చూడు. పంచాయతీ వాళ్ళు ఇచ్చిన కాగితం ఉంది."

వెళ్ళాను. ముందుగదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన, అంతే పెద్ద ఫ్రేములో, అద్దం వెనక పంచాయతీ అనుమతి కాగితం. నాలుగు మూలలా పసుపు బొట్లు, మధ్యలో కుంకుమ. పైన చేమంతి దండ. నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేదు.

"వెనక వైపు చూపించు," అన్నాను.

"వెనక ఏముంటది? అట్ట ఉంటది."

"కాగితం వెనక."

పటం నేనే దించాను. మా తోటికోడలు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, అక్కా, పటాన్ని అట్టా బోర్లించకూడదు, అరిష్టం!"

"ఇది దేవుడు కాదమ్మా, పంచాయతీ," అన్నాను. జడపిన్నుతో వెనక చిన్న మేకులు ఒక్కొక్కటి లేపి, అట్ట తీసి, కాగితం బయటికి లాగాను. వెనక వైపు చిన్న అక్షరాల్లో షరతులు ఉన్నాయి. ఊళ్ళో ఇల్లు కట్టిన ప్రతివాడి దగ్గరా ఆ కాగితం ఉంటుంది. ముందు వైపు ముద్ర చూసుకుంటారు. వెనక వైపు తిప్పి చదివినవాడు నాకు ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదు. నేను పైకి చదివాను. అనుమతించిన ప్లానును దాటి కట్టరాదు. సామగ్రి వీధిలో వెయ్యరాదు. తవ్వేటప్పుడు, కట్టేటప్పుడు పక్కవారి కట్టడానికి హాని కలగకుండా చూసే బాధ్యత పూర్తిగా యజమానిదే. ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. గోడ ఎవరిదని అందులో అడగలేదు. గూడు ఉందా లేదా అని అడగలేదు. తవ్వేవాడిది బాధ్యత, అంతే.

"అది అందరికీ అచ్చేసి ఇచ్చేదే వదినా," అన్నాడు మా మరిది.

"అందరికీ అంటే నీక్కూడా."

కాగితంతోపాటు మడిచి పెట్టిన ప్లాను కూడా ఉంది. విప్పి చూశాను. మొదట ఇది వేరే ఎవరి ఇల్లో అనుకున్నాను. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య మూడడుగుల ఖాళీ జాగా ఉంది. గీత గీసి, గాలీ వెలుతురూ రావడానికి వదిలినట్టు చక్కగా చూపించారు. నా పెళ్ళయిన నాటి నుంచీ నేను ఆనుకుని వంట చేస్తున్న గోడ ఆ కాగితంలో లేనే లేదు. ఆ గోడ ఉన్న చోట సందు ఉంది.

ఆ ప్లానును అక్కడే ఫోనులో ఫొటో తీసుకుని, మర్నాడు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. కార్యదర్శి కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. నా మాట సగం విని, "అన్నదమ్ముల గొడవల్లో మేం దూరలేం మేడం. పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి," అన్నాడు.

"గొడవ సంగతి వదిలెయ్యి బాబూ. నాకు ఈ సందు చూపించు చాలు."

"ఏ సందు?"

"ఈ మూడడుగుల సందు. మీ ముద్ర ఉంది దీని మీద. ముప్పై ఐదేళ్ళుగా ఆ ఇంట్లో ఉండాను, ఒక్కసారి కూడా ఆ సందులో నడవలా. నువ్వు వచ్చి నన్ను అందులో నిలబెట్టి పో. ఇంకేం అడగను."

అతను ప్లాను చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ప్లాను చూశాడు. ముద్ర వేసేటప్పుడు ఒక్కసారి చూసి ఉంటే ఇన్నిసార్లు చూసే పని ఉండేది కాదు.

"రెండు రోజుల్లో వస్తాను మేడం," అన్నాడు.

"వాన రెండు రోజులు ఆగుతుందా?"

"రేపు వస్తాను."

నిజంగానే వచ్చాడు. పొద్దున పదిగంటలకు, టేపు పట్టుకుని. ముందు మా మరిది ఇంటికి వెళ్ళి, అక్కడ టీ తాగి, తర్వాత మా వంటింట్లోకి వచ్చాడు. వెనకే మా మరిది, మా తోటికోడలు. మా ఆయన గుమ్మంలో. చీలిక చూపించాను. అప్పటికి మూడు కాగితాలూ చిరిగాయి. కార్యదర్శి వేలు పెట్టి చూస్తే చిటికెన వేలి గోరు దూరింది.

"గోడ మాది సార్," అంటున్నాడు మా మరిది. "మా గోడకు మేం ఏమైనా చేసుకుంటాం. ఈమె దానికి ఆనుకుని ఉంటా ఉండాది, అంతే. పెద్దామె గదా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాం. గూడు మా వైపే ఉంది, అడగండి ఎవుర్నయినా..."

ఆ మాట అంటున్నప్పుడే అవతల గోడకు మిషను పెట్టారు. కార్యదర్శి వస్తున్నాడని తెలిసి, దూలాల బొక్కలు గబగబా ముగించెయ్యమని మేస్త్రికి మా మరిది ముందే చెప్పి ఉంచాడట. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. ఫ్రిజ్ పక్క పలక ఒకటి ఉబ్బింది. తర్వాత నాలుగు పలకలు ఒక్కసారిగా ఊడి, వెనక సిమెంటుతో సహా ఫ్రిజ్ మీద పడ్డాయి. వాటి వెంట ఇటుక ముక్కలు దొర్లుకుంటూ వచ్చాయి. అందరం వెనక్కి దూకాం. దుమ్ము కాస్త తగ్గాక చూస్తే, గోడలో అర్ధచంద్రం లాంటి కప్పుతో, జానెడు లోతున, గూడు.

లోపల పైభాగమంతా నల్లగా మసి. మా అత్తగారు పెట్టిన దీపాల మసి, నేను పెట్టిన దీపాల మసి. కింద నూనె ఇంకిన నల్లటి మరక. కార్యదర్శి వేలితో మసి గీకి చూసి, వేలు మా మరిదికి చూపించాడు. కొత్తగా తొలిచిన గూటికి అంత మసి ఎవరూ పట్టించలేరు. పైగా దాన్ని తెరిచింది ఆయన మిషనే.

మా తోటికోడలు ముందుకు వంగి, గూట్లోకి తొంగి చూసి, "ఆఁ, ఇప్పుడు గుర్తొచ్చింది అక్కా. ఇది ఉండేది గదా," అంది.

"తేళ్ళు ఉన్నాయేమో చూడమ్మా," అన్నాను.

కార్యదర్శి అక్కడే నిలబడి పని ఆపమని కాగితం రాసి ఇచ్చాడు. గోడ ఉమ్మడిదైతే రెండో వాళ్ళు ఒప్పుకోకుండా దాని మీద బరువు పెట్టకూడదనీ, ఎవరిదైనా సరే పక్క ఇంటికి ఆసరా తీసేసే హక్కు ఎవరికీ లేదనీ మా మరిదికి చెప్పాడు. నేను మూడు వారాలుగా చెబుతున్నది అదే. నేను చెబితే నోటి దురుసు, కార్యదర్శి చెబితే చట్టం. ఆ కార్యదర్శి కూడా తన ముద్ర గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అది కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

పని ఆగింది గానీ గుంట అలాగే నోరు తెరుచుకుని ఉంది. ఆగిన పనితో నాకు సగమే లాభం. ఆకాశం తూర్పు వైపు నల్లబడుతోంది. చేపల పడవలు వేటకు పోవద్దని చెప్పారని మైపాడు నుంచి వచ్చిన ఆటో అతను అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నమే మా మరిది వచ్చాడు. చేతిలో సంచి. వంజరం చేప. విప్పి చూశాను. తోక లేదు. అన్నీ నడిమి ముక్కలే. ఇన్నేళ్ళకు ఆ ఇంటివాళ్ళకు చేపలో నడిమి ఎక్కడుంటుందో తెలిసింది.

"వదినా, ఏదో జరిగిపోయింది. నువ్వు ఒక సంతకం పెడితే, గోడ మీద దూలాలు వెయ్యడానికి నీకేం అభ్యంతరం లేదని, నేను రేపే గుంట పూడ్పిస్తా."

"గుంట పూడ్చడానికి నా సంతకం ఎందుకు? తవ్వేటప్పుడు అడగలేదే."

"మరి ఏం కావాలి నీకు? చెప్పు."

నా దగ్గర కాగితం సిద్ధంగా ఉంది. ఇచ్చాను. ఆయన నిలబడే చదివాడు. మోటారు ఆ క్షణం నుంచి ఆడకూడదు, గుంటను రాళ్ళూ కాంక్రీటుతో గోడ కింది దాకా నింపాలి, అది గట్టిపడే దాకా నా పైకప్పుకు లోపల సరుగుడు గుంజలు నిలబెట్టాలి. గది కట్టుకుంటే కట్టుకోవచ్చు. దూలాలు మాత్రం ఆయన గదిలో ఆయన సొంత స్తంభాల మీదే మోపాలి, ఉమ్మడి గోడ మీద కాదు. ప్లానులో సందు తీసేసి గోడ గీయించాలి. పగిలిన చోటల్లా ఆయనే బాగు చేయించాలి. చివరిది చదివి ఆగిపోయాడు.

"మా వైపు గూడు కూడా తెరవాలా? ఎందుకు?"

"రేపు నీ తర్వాత వచ్చేవాళ్ళతో, మీ వైపు గూడు లేదు, గోడ మాది అని నా తర్వాత వచ్చేవాళ్ళు అనకూడదు గదా. నీ మంచికే."

"స్తంభాలు లోపలికొస్తే మా పడకగది ఇరుకవుద్ది వదినా."

"నీ నైరుతి నా వంటింట్లో పడితే నాక్కూడా ఇరుకవుద్ది."

మా ఆయన మంచం మీద నుంచి, "సంతకం పెట్టరా. మీ వదిన రాసింది తప్పేం లేదు," అన్నాడు. ఈ ఒక్క మాట కోసం నేను మూడు వారాలు ఎదురు చూశాను. అది కూడా చేప వచ్చాకే వచ్చింది.

మరిది సంతకం పెట్టాడు. చేప నేను ఉంచుకున్నాను. ఆయన అడిగిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదు.

మర్నాడంతా గుంటలో రాళ్ళు పడ్డాయి. సాయంత్రానికి కాంక్రీటు. నా వంటింట్లో నాలుగు సరుగుడు గుంజలు, వాటి మధ్యలో స్టవ్వు. చీలిక మీద కొత్తగా మూడు కాగితాలు అతికించాను. రెండు రోజుల తర్వాత వాన మొదలైంది. నాలుగు రోజులు కురిసింది. వీధి కాలవ పొంగి గడప దాకా వచ్చింది. నేను ఆ నాలుగు రోజులూ గుంజల మధ్య దూరి వంట చేస్తూ, గంటకోసారి కాగితాలు చూస్తూ ఉన్నాను. అయిదో రోజు ఎండ వచ్చింది. కాగితాలు మూడూ అలాగే ఉన్నాయి.

గోడ నిలబడింది. వేసవిలో వాళ్ళ గది కూడా లేచింది, సొంత స్తంభాల మీద. ట్యాంకు ఎక్కింది. నైరుతి కావలసినంత బరువైంది. ఆ పంటలో రొయ్యలకు మళ్ళీ రోగం తగిలింది. సిద్ధాంతి మళ్ళీ వచ్చి, ఈశాన్యంలో ఏదో ఉందని చెప్పి పోయాడట. ఈశాన్యం అవతలి వీధి వాళ్ళ వైపు. వాళ్ళ కష్టాలు వాళ్ళు పడతారు. మా మరిది మాత్రం ఊళ్ళో, "మా వదిన వంటిల్లు పడకూడదని నేనే సొంత స్తంభాలు వేయించినా. పక్కింటి క్షేమం చూసుకోవాల్సింది మనమే గదా," అని చెబుతున్నాడట. కాగితం వెనక నేను పైకి చదివిన వాక్యాన్ని ఆయన సొంత మాటలా చెప్పుకుంటున్నాడు.

బాగు చేసేటప్పుడు మేస్త్రి నన్ను, "ఈ గూడు మూసి పలకలు సమానంగా వేసెయ్యనా అమ్మా?" అని అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడు ఫ్రిజ్ ఒక అడుగు పక్కకు జరిగింది. గూట్లో దీపం పెట్టడం లేదు. ఉత్తరాలు అందినట్టు మా మరిది సంతకాలు పెట్టిన కార్డులు ఉంచాను, రబ్బరు బ్యాండు వేసి.

ఆయన వైపు గూడు కూడా తెరిచారు. తెరిచి చూపించారు, నేను చూశాను, సరే అన్నాను. కిందటి ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే గోడ అవతల నుంచి టక్ టక్ మని నాలుగు దెబ్బలు వినిపించాయి. మా ఆయన తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని అవతలికి వెళ్ళి చూశాను. పంచాయతీ కాగితం ఫ్రేమును ముందుగది నుంచి తెచ్చి, సరిగ్గా గూటికి అడ్డంగా తగిలించారు. పసుపు బొట్లు కొత్తగా పెట్టారు. పైన మేకు, రెండంగుళాల మేకు, ఉమ్మడి గోడలోకి సగం దాకా దిగి ఉంది.

"చూడటానికి బాగుండలా అక్కా, గుంటలాగా ఉంది, అందుకని," అంది మా తోటికోడలు.

నేను ఇంటికి వచ్చాను. ఆ మేకు కొట్టే ముందు నన్ను ఎవరూ అడగలేదు. సోమవారం పొద్దున పోస్టు చేశాను. ఈపాటికి నా ఉత్తరం నెల్లూరు చేరి ఉంటుంది.